కొండ మీద కొన్ని, గని అడుగున కొన్ని: కాస్మిక్ కిరణాల ప్రయోగాలకు చోటు ఎలా నిర్ణయిస్తారు?

2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్ర మట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తున, మేస్ అనే గామా కిరణాల టెలిస్కోపు ప్రారంభమైంది. 2025 ఫిబ్రవరిలో మరో వార్త వచ్చింది. సిసిలీ తీరానికి దూరంగా మధ్యధరా సముద్రంలో 3,450 మీటర్ల లోతున అమర్చిన పరికరానికి, అంతకుముందు ఎవరికీ దొరకనంత శక్తిమంతమైన న్యూట్రినో (పదార్థంతో అతి అరుదుగా స్పందించే, విద్యుదావేశం లేని కణం) ఆనవాలు చిక్కిందని కేఎం3నెట్ బృందం ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో దక్షిణ చైనాలో భూమికి 700 మీటర్ల అడుగున జూనో అనే మరో న్యూట్రినో ప్రయోగం కొలతలు మొదలుపెట్టింది. ఒకటి ఆకాశానికి దగ్గరగా వెళ్తే, ఇంకొకటి నీళ్లలోకి, మూడోది రాతిలోకి దిగింది. ఈ వార్తలను వరుసగా చదివినవారికి, అన్నీ కణాలను పట్టే పరికరాలే అయినప్పుడు వాటి చోట్లలో ఇంత తేడా ఎందుకన్న సందేహం రావడం సహజం.

దీనికి జవాబు చాలావరకు ఒకే సూత్రంలో ఉంది. వెతుకుతున్న కణం ఎక్కడ దొరుకుతుందన్నది సగం ప్రశ్న మాత్రమే. దానిలాగే కనిపించి లెక్కను చెడగొట్టే ఇతర కణాలు ఎక్కడ తక్కువగా ఉంటాయన్నది మిగతా సగం, చాలాసార్లు అదే పెద్ద సగం. భౌతిక శాస్త్రవేత్తలు ఈ అక్కరలేని సంకేతాలను రొద అంటారు. కొండ, గని, సముద్రం, ఎడారి అన్నీ రొదను తగ్గించుకోవడానికో, చాలినన్ని కణాలను కూడగట్టుకోవడానికో ఎంచుకున్న చోట్లే.

పైనుంచి వచ్చేదేమిటి, మన దాకా చేరేదేమిటి

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5,000 మీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ గాలిలో అయనీకరణం (గాలి అణువులు విద్యుదావేశం పొందడం) పెరుగుతోందని కనుగొన్నాడు. దానికి కారణం నేలలోని రేడియోధార్మికతే అయితే పైకి పోయేకొద్దీ అది తగ్గాలి. పెరిగింది కాబట్టి మూలం పైన ఉందని తేలింది. వాటినే కాస్మిక్ కిరణాలంటున్నాం. పేరులో కిరణం ఉన్నా ఇవి ప్రధానంగా కణాలు. దాదాపు పదింట తొమ్మిది ప్రోటాన్లు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం హీలియం కేంద్రకాలు.

ఈ ప్రాథమిక కణాలు నేలను తాకవు. వాతావరణం పై పొరల్లోనే గాలిలోని కేంద్రకాలను ఢీకొని పయాన్లు మొదలైన కొత్త కణాలను పుట్టిస్తాయి. అవి మళ్లీ ఢీకొనో క్షయమయ్యో మరిన్ని కణాలను ఇస్తాయి. ఇలా కిందికి దిగే గుంపును వాయు జల్లు అంటారు. ప్రాథమిక కణాన్ని నేరుగా పట్టాలంటే ఉపగ్రహమో ఎత్తుకు ఎగిరే బెలూనో కావాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) దశాబ్దాలుగా హైదరాబాద్‌లో బెలూన్ కేంద్రాన్ని నడుపుతున్నది ఇలా వాతావరణానికి పైన చేయాల్సిన పరిశోధనల కోసమే.

జల్లులో మన దాకా బాగా చేరేవి మ్యువాన్లు. మ్యువాన్ అంటే ఎలక్ట్రాన్‌కు దాదాపు 207 రెట్లు బరువున్న కణం. దాని సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు రెండు, అంటే 2.2 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి వేగంతో పోయినా 660 మీటర్లే దాటాలి. అది పుట్టేది 15 కిలోమీటర్ల ఎత్తున. మరి నేలకెలా చేరుతోంది? సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం వేగంగా పోయే కణం ఆయుష్షు మన గడియారంలో సాగుతుంది. మ్యువాన్ శక్తి 4 జీఈవీ (ఒక జీఈవీ అంటే ఎలక్ట్రాన్ వంద కోట్ల వోల్టుల తేడాను దాటినప్పుడు పొందే శక్తి) అనుకుంటే, దాని నిశ్చల ద్రవ్యరాశికి సమానమైన 0.106 జీఈవీతో భాగించగా 38 వస్తుంది. ఆయుష్షు అన్ని రెట్లు సాగుతుంది. 660 మీటర్లను 38తో గుణిస్తే 25 కిలోమీటర్లు. అందుకే ఈ క్షణంలో కూడా మీ అరచేతి గుండా నిమిషానికి వంద దాకా మ్యువాన్లు దూసుకుపోతున్నాయి. ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి. ఇక ముందు చెప్పబోయే ప్రయోగాలన్నీ దీన్ని వాడుకున్నవో, దీని నుంచి పారిపోయినవో.

డిటెక్టర్ కంటికి ఆనేది రెండే

కణాన్ని ఏ పరికరమూ చూడలేదు. కణం పోయిన దారిలో మిగిలిన విద్యుదావేశాన్నో, వెలువడిన కాంతినో మాత్రమే నమోదు చేస్తుంది. వాయువు నింపిన గొట్టంలో కణం ఎలక్ట్రాన్లను ఊడగొడితే, మధ్యలోని తీగ వాటిని సేకరించి విద్యుత్ స్పందనగా మారుస్తుంది. సింటిలేటర్ అనే ప్రత్యేక ప్లాస్టిక్‌లో కణం శక్తిని వదిలితే అది క్షణకాలం మెరుస్తుంది, ఆ మెరుపును ఫోటోమల్టిప్లయర్ ట్యూబు విద్యుత్ స్పందనగా పెంచి చూపుతుంది. మూడో పద్ధతి చెరెంకోవ్ కాంతి. నీటిలోనో గాలిలోనో కాంతి కాస్త నెమ్మదిస్తుంది కనుక, శక్తిమంతమైన కణం అక్కడ కాంతి కంటే వేగంగా పోగలదు. అప్పుడు దాని వెంట నీలి కాంతి శంకువు ఏర్పడుతుంది.

ఇంత తక్కువ సమాచారం నుంచి దిశ ఎలా తెలుస్తుంది? ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగాన్ని చూద్దాం. టీఐఎఫ్ఆర్ వారి కాస్మిక్ కిరణాల ప్రయోగశాల ఆవరణలో, 2,200 మీటర్ల ఎత్తున, దాదాపు 400 సింటిలేటర్ డిటెక్టర్లు 8 మీటర్ల ఎడంతో పరచి ఉన్నాయి. వాయు జల్లు పలుచని బిళ్లలా కాంతి వేగంతో దిగుతుంది. నిట్టనిలువుగా దిగితే పక్కపక్కనున్న రెండు డిటెక్టర్లూ ఒకేసారి స్పందిస్తాయి. నిలువు రేఖ నుంచి 30 డిగ్రీలు వాలి వస్తే, రెండోదాన్ని చేరడానికి బిళ్ల అంచు అదనంగా 4 మీటర్లు పోవాలి. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి ఆ తేడా 13 నానోసెకన్లు. వందల డిటెక్టర్ల మధ్య ఇలాంటి తేడాలను కలిపి చూస్తే జల్లు వచ్చిన దిశ డిగ్రీ కంటే మెరుగ్గా తెలుస్తుంది. మొత్తం ఎన్ని కణాలు పడ్డాయన్న లెక్క నుంచి మొదటి కణం శక్తిని అంచనా వేస్తారు. ఇక్కడ అంచనా అన్న మాటకు బరువుంది. ప్రోటాన్ తెచ్చిన జల్లూ ఇనుప కేంద్రకం తెచ్చిన జల్లూ ఒకే శక్తితో మొదలైనా నేల మీద భిన్నంగా కనిపిస్తాయి, ఆ తేడాను కంప్యూటర్ నమూనాలతో సరిచూసుకోవాలి.

మ్యువాన్ల లెక్కతో మేఘంలోని వోల్టేజి

గ్రేప్స్-3లో సింటిలేటర్లకు తోడు 560 చదరపు మీటర్ల మ్యువాన్ టెలిస్కోపు ఉంది. మందపాటి కాంక్రీటు దిమ్మల కింద నాలుగు వరుసలుగా పేర్చిన 3,712 వాయు గొట్టాలే ఆ టెలిస్కోపు. ఒక్కొక్కటి 6 మీటర్ల పొడవుంటుంది. ఎలక్ట్రాన్లను కాంక్రీటు ఆపేస్తుంది, దాదాపు 1 జీఈవీకి మించిన మ్యువాన్లే కిందికి దిగుతాయి. నిమిషానికి సుమారు 25 లక్షల మ్యువాన్లు లెక్కకు వస్తాయి, వాటిని 169 దిశలుగా విడదీస్తారు.

2014 డిసెంబరు 1న ఊటీ మీదుగా ఉరుముల మేఘం సాగినప్పుడు కొన్ని దిశల నుంచి వచ్చే మ్యువాన్లు దాదాపు 2 శాతం తగ్గాయి. రెండు శాతం పెద్ద మార్పా? ఆ దిశల్లో నిమిషానికి 6 లక్షల మ్యువాన్లు వస్తాయనుకుందాం. యాదృచ్ఛిక హెచ్చుతగ్గు ఆ సంఖ్య వర్గమూలమంత, అంటే సుమారు 775, శాతంగా 0.13. తగ్గినవి 12,000. ఇది కాకతాళీయంగా జరిగే పని కాదు.

కారణం మేఘంలోని విద్యుత్ క్షేత్రం. ప్రాథమిక కాస్మిక్ కిరణాలు ధనావేశం గలవి కనుక మ్యువాన్లలోనూ ధన మ్యువాన్లే ఎక్కువ. క్షేత్రం ఒక రకం మ్యువాన్లకు శక్తినిస్తే రెండో రకం నుంచి శక్తిని లాగుతుంది. రెండూ సమానంగా ఉంటే మార్పు రద్దయ్యేది, ధన మ్యువాన్లు ఎక్కువ కాబట్టి తేడా మిగిలింది. ఎంత వోల్టేజి ఉంటే 2 శాతం తగ్గుతుందో కంప్యూటర్ నమూనాలతో లెక్కించగా 130 కోట్ల వోల్టులని తేలింది. ఈ ఫలితం 2019లో వెలువడింది. అంతకుముందు బెలూన్లు పంపి కొలిచిన గరిష్ఠం 13 కోట్ల వోల్టులు. ఇంత భారీ వోల్టేజి ఉండవచ్చని భౌతికశాస్త్రవేత్త సీ.టీ.ఆర్. విల్సన్ 1920లలోనే ఊహించాడు. బెలూన్ ఒక సమయంలో ఒక బిందువునే తాకుతుంది, మ్యువాన్లు మేఘం మొత్తాన్ని దాటి వస్తాయి. రెండు కొలతలూ పదింతలు ఎందుకు తేడా వచ్చాయో ఇందులో చాలావరకు అర్థమవుతుంది. అయితే 130 కోట్లన్న అంకె మేఘంలో ఆవేశాలు ఏ ఎత్తుల మధ్య పరచుకున్నాయన్న అంచనాపై కొంత ఆధారపడిందన్నది కూడా నిజం. ఇది తీగ తగిలించి చదివిన కొలత కాదు.

గాలినే పరికరంగా వాడే హాన్లే

గామా కిరణాలకు విద్యుదావేశం లేదు. పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాలు ప్రోటాన్ల దారిని వంచేస్తాయి కనుక అవి ఎక్కడ బయలుదేరాయో చెప్పలేం, గామా కిరణాలు మాత్రం తిన్నగా వస్తాయి. అవి గాలిలో పుట్టించే జల్లు నుంచి వెలువడే చెరెంకోవ్ కాంతి కొద్ది నానోసెకన్ల పాటే ఉంటుంది. దాన్ని ఒడిసిపట్టేందుకు మేస్‌కు 21 మీటర్ల వ్యాసమున్న దర్పణం, వెయ్యికి పైగా ఫోటోమల్టిప్లయర్లున్న కెమెరా అమర్చారు. భాభా అణు పరిశోధన కేంద్రం దీన్ని రూపొందించగా, నిర్మాణంలో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ప్రధాన భాగస్వామి.

ఎత్తుకు వెళ్లినకొద్దీ జల్లు దగ్గరవుతుంది, కాంతిని మింగే గాలి తగ్గుతుంది. అందువల్ల తక్కువ శక్తి గామా కిరణాలూ చిక్కుతాయి. ఇక్కడి రొద ప్రోటాన్ జల్లులు. అవి గామా జల్లుల కంటే వేల రెట్లు ఎక్కువ. వాటిని తప్పించే చోటు భూమి మీద లేదు. కాబట్టి కెమెరాలో పడిన ఆకారాన్ని చూసి వేరు చేస్తారు. గామా జల్లు సన్నని దీర్ఘవృత్తంలా, ప్రోటాన్ జల్లు చెదిరిన మచ్చలా కనిపిస్తుంది.

శక్తి మరీ పెరిగితే ఎత్తు కంటే విస్తీర్ణం ముఖ్యమవుతుంది. 1 తరువాత 20 సున్నాలున్నన్ని ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన కణం చదరపు కిలోమీటరుకు శతాబ్దానికి ఒకటి చొప్పున వస్తుంది. అర్జెంటీనాలోని పియెర్ ఓజే అబ్జర్వేటరీ 3,000 చదరపు కిలోమీటర్లలో 1,600కు పైగా నీటి తొట్లను పరచింది అందుకే. అంత నేల వాడినా ఏడాదికి ముప్పై మించి ఆశించలేం.

కోలారు గనిలో వెతికింది దేనికోసం

న్యూట్రినోల సంగతికి వస్తే లెక్క తలకిందులవుతుంది. ఇవి పదార్థంతో అతి అరుదుగా స్పందిస్తాయి. నిమిషానికి లక్షల మ్యువాన్లు కురిసే చోట ఏడాదికి కొన్ని మాత్రమే కనిపించే న్యూట్రినో ఘటనలను ఏరడం అసాధ్యం. మ్యువాన్లను ఆపాలంటే రాయి కావాలి. కోలారు రాతిలో మ్యువాన్ మీటరుకు దాదాపు 0.6 జీఈవీ కోల్పోతుంది. 4 జీఈవీ మ్యువాన్ ఏడు మీటర్లలో ఆగిపోతుంది. 2.3 కిలోమీటర్లు దిగాలంటే కనీసం 1,400 జీఈవీ ఉండాలి. ఆ స్థాయిలో ఇతర మార్గాల్లోనూ శక్తి హరిస్తుంది కనుక అసలు అవసరం దానికి కొన్ని రెట్లు. అంతటి మ్యువాన్లు చాలా అరుదు.

1960ల ఆరంభంలో శాస్త్రవేత్తలు మియాకే, నరసింహం, రమణమూర్తి కోలారు బంగారు గనుల్లో వేర్వేరు లోతుల్లో మ్యువాన్లను లెక్కించారు. అన్నిటికన్నా లోతైన చోట రెండు నెలల పాటు ఎదురుచూసినా ఒక్కటీ నమోదు కాలేదు. మామూలు ప్రయోగానికి అది వైఫల్యంగా కనిపించేది. వారు మాత్రం న్యూట్రినోలను వెతకడానికి అనువైన నిశ్శబ్దం అక్కడ ఉందని గుర్తించారు. చిత్తూరు సరిహద్దుకు దగ్గరగా, తెలుగు ఇంటిమాటగా ఉన్న ఎన్నో కుటుంబాలు నివసించే ఆ ప్రాంతం అలా ప్రపంచ భౌతికశాస్త్ర పటంలోకి ఎక్కింది.

1965లో టీఐఎఫ్ఆర్, జపాన్‌లోని ఒసాకా సిటీ, బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాల బృందం 2.3 కిలోమీటర్ల లోతున సింటిలేటర్లను నిలువు గోడలుగా అమర్చి, నడుమ కణం పోయిన దారిని చూపే నియాన్ గొట్టాలు ఉంచింది. గోడలు నిలువుగా ఎందుకంటే, అంత లోతుకు చేరిన ఒకటీ అరా మ్యువాన్లు దాదాపు నిట్టనిలువుగానే రాగలవు. పక్కవాటుగా వచ్చే మ్యువాన్ ఎన్నో కిలోమీటర్ల రాయి దాటాలి, అది జరగని పని. కాబట్టి అడ్డంగా సాగిన జాడ కనిపిస్తే, ఆ మ్యువాన్ దగ్గర్లోని రాతిలో న్యూట్రినో వల్లే పుట్టిందని అర్థం. సిసిలీ దగ్గరి కేఎం3నెట్ 2023 ఫిబ్రవరి 13న నమోదు చేసిన మ్యువాన్‌కు కూడా ఇదే తర్కం వర్తించింది. అది దాదాపు క్షితిజ సమాంతరంగా వచ్చింది. ఆ దిశలో వంద కిలోమీటర్లకు పైగా రాయి, నీరు ఉన్నాయి. దాన్ని పుట్టించిన న్యూట్రినో శక్తి సుమారు 22 కోట్ల జీఈవీ అని అంచనా. అయితే అంతకంటే ఎక్కువ కాలం వేచి చూసిన అంటార్కిటికాలోని ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో ప్రయోగానికి అలాంటిది కనిపించలేదు. దీన్ని అదృష్టవశాత్తు దొరికిన ఒక్క కణంగా చూడాలా, కొత్త మూలానికి సూచనగా చూడాలా అన్నది ఇంకా తేలలేదు.

వాతావరణంలో, కాస్మిక్ కిరణాల జల్లుల్లో పుట్టిన న్యూట్రినోలను మొదట ఎవరు చూశారన్న వివాదం కూడా తరచూ వస్తుంది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైన్స్ బృందం 1965 ఫిబ్రవరి 23న తొలి ఘటనను నమోదు చేసింది. కోలారు బృందం పత్రం 1965 ఆగస్టు 15న, రైన్స్ బృందం పత్రం ఆగస్టు 30న వెలువడ్డాయి. చూడటంలో వారు ముందు, ప్రచురణలో వీరు ముందు. స్వతంత్రంగా పనిచేసిన రెండు బృందాలకూ ఘనత చెందుతుందనడమే న్యాయం.

లోతు పనిచేయని చోటు

1980లో అదే గనిలో 140 టన్నుల ఇనుముతో, వాయు గొట్టాలతో ప్రోటాన్ క్షయం కోసం అన్వేషణ మొదలైంది. ప్రోటాన్ శాశ్వతం కాదని, ప్రకృతిలోని బలాలను ఒకటిగా చూపాలనుకునే కొన్ని ఏకీకరణ సిద్ధాంతాలు చెబుతున్న రోజులవి. ఆయుష్షు 1 తరువాత 31 సున్నాలున్నన్ని ఏళ్లు అనుకుందాం. 140 టన్నుల్లో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఆ సంఖ్యకు 8 రెట్లకు పైగా ఉంటాయి. అంటే ఏడాదికి ఎనిమిది క్షయాలు జరగాలి. కోలారు బృందం క్షయంలా కనిపించే కొన్ని ఘటనలను నివేదించింది.

ఇక్కడే చిక్కు ఉంది. మ్యువాన్లను రాయి ఆపింది గానీ న్యూట్రినోలను ఏ రాయీ ఆపదు. వాతావరణ న్యూట్రినోలు వెయ్యి టన్నుల పదార్థంలో ఏడాదికి వందకు పైగా ఘటనలను పుట్టిస్తాయి. 140 టన్నుల్లో కనీసం 14. వెతుకుతున్నవి ఎనిమిది, రొద పద్నాలుగు. రొదలో కొన్ని అచ్చం క్షయంలాగే కనిపించవచ్చు. అమెరికాలోని ఐఎంబీ, జపాన్‌లోని కమియోకాండే కోలారు కంటే తక్కువ లోతున ఉన్నా వేల టన్నుల నీటితో వెతికాయి. వాటికి క్షయం దొరకలేదు. తరువాతి సూపర్ కమియోకాండే, ప్రోటాన్ పాజిట్రాన్‌గా (ధనావేశమున్న ఎలక్ట్రాన్), పయాన్‌గా విడిపోయే మార్గానికి ఆయుష్షు 24 తరువాత 33 సున్నాల ఏళ్లకు మించి ఉండాలని తేల్చింది. కోలారు ఘటనలు న్యూట్రినోల వల్లే అయి ఉంటాయని నేడు అత్యధికులు భావిస్తారు. ఆ బృందం లోతును బట్టి నమ్మకం పెట్టుకోవడం అసమంజసమేమీ కాదు. కానీ ఈ ప్రశ్నకు లోతు కంటే పరిమాణం, ఘటన ఆకారాన్ని స్పష్టంగా చూడగలగడం ముఖ్యమయ్యాయి. అదే రొదను ఓపికగా లెక్కించిన సూపర్ కమియోకాండే, న్యూట్రినోలు ఒక రకం నుంచి మరో రకంలోకి మారుతున్నాయని 1998లో చూపింది. ఆ కృషికి 2015లో తకాకి కజిటాకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

తేని కొండల వివాదం

2001లో గనులు మూతపడ్డాయి. భారత్ కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇండియా బేస్డ్ న్యూట్రినో అబ్జర్వేటరీకి తమిళనాడు తేని జిల్లా పొట్టిపురం దగ్గరి కొండను ఎంచుకున్నారు. దాదాపు రెండు కిలోమీటర్ల సొరంగం చివర, పైనా చుట్టూ కిలోమీటరుకు పైగా రాయి ఉండేలా, 50,000 టన్నుల అయస్కాంతీకరించిన ఇనుముతో డిటెక్టర్ కట్టాలన్నది ప్రణాళిక. కేంద్ర మంత్రివర్గం ఆమోదించినా, 2017లో హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని నిలిపివేసింది. 2018లో కేంద్రం తిరిగి అనుమతి ఇచ్చింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం సుప్రీంకోర్టులో ఈ ప్రాజెక్టును వ్యతిరేకించింది.

ఈ చర్చలో రెండు వేర్వేరు భయాలు కలగలిసిపోయాయి. న్యూట్రినోల వల్ల రేడియేషన్ వస్తుందన్నది మొదటిది. దీనికి ఆధారం లేదు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలే చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు 6,000 కోట్లకు పైగా మనల్ని దాటిపోతున్నాయి. డిటెక్టర్ వాటిని పుట్టించదు, దారినపోయేవాటిని గమనిస్తుంది. రెండోది పడమటి కనుమల్లో పేలుళ్లు, తవ్విన రాయి గుట్టలు, పులులు తిరిగే దారులు, భూగర్భ జలాల గురించిన ఆందోళన. సొరంగం చిన్నదని, రాయి దృఢమని, పేలుళ్లు నియంత్రణలో ఉంటాయని శాస్త్రవేత్తలు చెప్పారు. పులుల ఆవాసం తెగిపోతే తిరిగి రాదని, స్థానికులను తగినంతగా సంప్రదించలేదని వ్యతిరేకులు చెప్పారు. మొదటి భయానికి భౌతికశాస్త్రం పూర్తి జవాబు ఇవ్వగలదు. రెండోదానికి ఇవ్వలేదు. అది వన్యప్రాణి శాస్త్రమూ ప్రజాస్వామ్య ప్రక్రియా తేల్చాల్సిన విషయం. ఒకదానికి చెప్పిన జవాబును రెండోదానికి అతికించడం వల్లే చర్చ ముందుకు సాగలేదని నా అభిప్రాయం.

కిలోమీటరు రాయికి బదులు ఏముంది

మదురైలో, తేనికి అనుకున్న డిటెక్టర్‌కు 85 టన్నుల చిన్న నమూనా అయిన మినీ-ఐకాల్ నేల మీదే పనిచేస్తోంది. దాని చుట్టూ సింటిలేటర్ పలకలతో తొడుగు కట్టి, బయటి నుంచి వచ్చిన ప్రతి మ్యువాన్‌ను గుర్తించి లెక్కలోంచి తీసేయవచ్చా అన్నది అక్కడ పరిశీలిస్తున్న ప్రశ్న. కిలోమీటరు లోతు మ్యువాన్లను దాదాపు పది లక్షలో వంతుకు తగ్గిస్తుంది. వంద మీటర్ల లోతు వందో వంతుకు తగ్గిస్తుంది. తొడుగు పదివేల మ్యువాన్లలో ఒక్కదాన్ని తప్ప అన్నిటినీ పట్టగలిగితే, వందను పదివేలతో గుణించగా అదే పది లక్షలు వస్తుంది. లెక్క సరిపోయింది కదా అని రెండూ ఒకటే అనలేం. తొడుగు దాకా రాకుండా పక్క రాతిలో ఢీకొన్న మ్యువాన్లు న్యూట్రాన్ల వంటి తటస్థ కణాలను పుట్టిస్తాయి. వాటికి విద్యుదావేశం లేదు కాబట్టి సింటిలేటర్ పలకలు వాటిని చూడకుండానే లోపలికి వదిలేయవచ్చు. అలా చొరబడినవి ఇనుములో న్యూట్రినో ఘటనల్లా కనిపించేది ఎన్నిసార్లన్నది తేలాలి. వంద మీటర్ల గుట్ట సరిపోతుందా, కొండే కావాలా అన్నది ఆ సంఖ్య మీద ఆధారపడి ఉంది.